పాత ఇంటి టేకుతో స్నానాల గది అద్దానికి చట్రం: పట్టీలను అద్దానికే అతికించవచ్చా?

ప్రశ్న
సుబేదారి నివాసి, హనుమకొండ

అందరికీ నమస్కారం. పరకాల దగ్గరి ఊళ్ళో ఉన్న మా అత్తగారి పెంకుటిల్లును నిరుడు వేసవిలో విప్పించినప్పుడు దూలాలను, దర్వాజాలను అమ్మివేశారు కాని, వాసాల్లో గట్టిగా ఉన్న నాలుగు టేకు ముక్కలను మాత్రం నేను అడిగి తెచ్చుకొన్నాను. అవి ఏడాదిగా మా మెట్ల కింద పడి ఉన్నాయి. కుర్చీకో బల్లకో సరిపోయేంత కట్టె కాదు, పొయ్యిలో పెట్టడానికి మనసు రాదు. ఈ మధ్య స్నానాల గదిలో వాష్‌బేసిన్ పైన ఉన్న సాదా అద్దాన్ని చూస్తున్నప్పుడు, ఈ టేకును పట్టీలుగా కోయించి దాని చుట్టూ చట్రంలాగా పెట్టిస్తే బాగుంటుందన్న ఆలోచన వచ్చింది.

అద్దం వెడల్పు 24 అంగుళాలు, ఎత్తు 36 అంగుళాలు, మందం 5 మి.మీ. నాలుగు మూలల్లో అంచుకు ముప్పావు అంగుళం లోపలగా రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ గిట్టీలు దిగ్గొట్టి స్క్రూలు బిగించి, వాటి మీద గుండ్రటి స్టీలు టోపీలు తిప్పి పెట్టారు. వెనుక రబ్బరు వాషర్లు ఉండడం వల్ల అద్దం గోడకు పూర్తిగా ఆనకుండా కొంచెం ముందుకు నిలిచి ఉంటుంది. గోడకు పైదాకా టైల్సు ఉన్నాయి. ఎడమ వైపు కింది మూలలో గోరంత నల్లటి మచ్చ ఒకటి ఏడాదిన్నరగా కనిపిస్తున్నది. గది 5 అడుగులు, 7 అడుగులే కాబట్టి స్నానం బకెట్‌తోనే చేసినా నీళ్ళు అన్ని వైపులకూ చిందుతాయి. చలికాలంలో గీజరు నీళ్ళ ఆవిరికి అద్దం పూర్తిగా మసకబారిపోతుంది.

నేను అనుకొన్నది ఇది: రెండున్నర అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్న పట్టీలు కోయించి, మూలలను 45 డిగ్రీలకు కోసి, సిలికాన్‌తో నేరుగా అద్దం మీదే అతికించడం. హార్డ్‌వేర్ దుకాణంలో ఇచ్చిన సిలికాన్ ట్యూబు ఇప్పటికే ఇంట్లో ఉన్నది. మూత తీసి చూస్తే పులిసిన వాసన ఘాటుగా వచ్చింది. ఆ టోపీలు ఉబ్బెత్తుగా ఉన్నప్పుడు పట్టీ అద్దానికి ఎలా ఆనుతుంది, ఇంత తడిలో టేకు అయినా ఎన్నాళ్ళు ఉంటుంది, అసలు ఈ పద్ధతి సరైనదేనా అన్నవి నా సందేహాలు. పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1
చిత్రిక, వరంగల్

అక్కగారికి నమస్కారం. మాది వడ్రంగుల కుటుంబం. ఇప్పుడు మా పని ఎక్కువగా ప్లైవుడ్, లామినేట్ షీట్ల మీదనే నడుస్తున్నది కాబట్టి, పాత వాసాల టేకు అన్న మాట చదవగానే జవాబు రాయాలనిపించింది. యాభై అరవై ఏండ్లు ఇంటి కప్పు కింద ఎండిన కట్టె మిల్లులో కొనే కొత్త కట్టెలాగా మెలితిరగదు, పగలదు. మీ చేతిలో ఉన్నది మంచి సరుకు. దానిని అద్దానికి అతికించి పాడుచేయవద్దు.

ఎందుకు అంటున్నానంటే, ఆ గదిలో ముందుగా పాడయ్యేది చెక్క కాదు, అద్దం. కింది మూలలో నల్ల మచ్చ మొదలయిందని మీరే రాశారు. ఇంకో నాలుగైదు ఏండ్లకు అద్దం మార్చవలసి వస్తే, సిలికాన్‌తో పట్టుకొన్న పట్టీలు అద్దాన్ని పగలగొడితే తప్ప ఊడిరావు, ఊడినా సగం చీలి వస్తాయి. అందుకని చట్రాన్ని అద్దానికి కాకుండా గోడకు బిగించాలి. అది పళ్ళెం మీద మూత కూర్చొన్నట్లు అద్దం అంచులను కప్పుతూ, విప్పుకోవాలంటే నాలుగు స్క్రూలు తీస్తే చేతికి వచ్చేటట్లు ఉండాలి.

కొలతలు చెబుతాను. పట్టీ వెడల్పు మూడు అంగుళాలు, మందం ఒక అంగుళం ఉంచండి. అందులో అంగుళంన్నర అద్దం మీదికి వస్తుంది, మిగిలిన అంగుళంన్నర బయట టైల్సు మీద ఉంటుంది. టోపీలు, నల్ల మచ్చ ఈ అంగుళంన్నరలోనే దాగిపోతాయి. పట్టీ వెనుక, లోపలి అంచు పొడుగునా అంగుళంన్నర వెడల్పు, మూడు సూతుల లోతు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) గాడి తీయించాలి. అద్దం ఆ గాడిలో ఇముడుతుంది. అప్పుడు చట్రం బయటి కొలత 27 అంగుళాలు, 39 అంగుళాలు అవుతుంది. ముఖం చూసుకొనే అద్దం 21 అంగుళాలు, 33 అంగుళాలు మిగులుతుంది.

మూలలను 45 డిగ్రీలకు కోయవద్దని నా మాట. మూడు అంగుళాల వెడల్పున్న చెక్క వానకాలంలో అడ్డంగా కొంచెం ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుపోతుంది, పొడుగులో మాత్రం దాదాపు ఏమీ మారదు. అందువల్ల ఆ ఏటవాలు అతుకు ఒక కాలంలో లోపలి కొన దగ్గర, ఇంకో కాలంలో బయటి కొన దగ్గర నోరు తెరుస్తుంది. కొత్తగా చేసినప్పుడు గీత కూడా కనబడదు, రెండు వానకాలాలు పోయిన తరువాత అందులో గోరు దూరుతుంది. దర్వాజాకు పై కట్టె నిలువు కమ్ముల మీద పడుకొన్నట్లు, పైనా కిందా అడ్డ చెక్కలు పూర్తి పొడవు ఉంచి, నిలువు చెక్కలను వాటి మధ్యన నిలబెట్టండి. అడ్డ చెక్కలు 27 అంగుళాలవి రెండు, నిలువువి 33 అంగుళాలవి రెండు, మొత్తం 120 అంగుళాలు, అంటే పది అడుగులు. అదే ఏటవాలు కోతకైతే 11 అడుగులు కావాలి. కోతలో పోయేదానితో కలిపి మీకు 12, 13 అడుగుల పట్టీ ఉంటే చాలు. ఒక్కొక్క మూలకు రెండు వెదురు మేకులు దిగ్గొట్టి, తడిని తట్టుకొనే రకం ఫెవికాల్ పెట్టి, ఒక రాత్రంతా బిగించి ఉంచాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నిలువు చెక్కలకు గాడి ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు కాని, అడ్డ చెక్కలకు అట్లా పోకూడదు. రెండు చివరలా అంగుళంన్నర వదిలిపెట్టి గాడిని ఆపాలి, లేకపోతే పక్క నుంచి చూసినప్పుడు చట్రం మూలలో ఖాళీ కనబడుతుంది. మిల్లు యంత్రం మీద నేరుగా తోసేస్తే ఈ తప్పు జరిగిపోతుంది, కాబట్టి ఆ చివరలను ఉలితో చేయమని ముందే చెప్పండి.

టోపీల సంగతి చాలా సులువు. తడి కుంకుమను కొంచెం చిక్కగా కలిపి నాలుగు టోపీల మీద వేలితో అద్ది, చట్రాన్ని ఎక్కడ ఉండాలో అక్కడ ఒకసారి నొక్కి తీయండి. వెనుక నాలుగు ఎర్రటి గుర్తులు పడతాయి. సరిగ్గా అక్కడ టోపీ లోతుకు గుంటలు తవ్వుకొంటే సరిపోతుంది. కొలబద్దతో కొలిచి గుర్తుపెట్టే ప్రయత్నంలో మా షాపులో ఒక కుర్రవాడు నాలుగింటికి ఎనిమిది గుంటలు తవ్వాడు.

వాసాలను మిల్లుకు ఇచ్చే ముందు ప్రతి ముక్కనూ వెలుతురులో తిప్పి చూసి, పాత చీలలన్నీ పీకించండి. తల విరిగి లోపలే ఉండిపోయిన చీల ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయి, మిల్లువాళ్ళు ఆ నష్టాన్ని మీ లెక్కలోనే వేస్తారు. ఒక మంచి అయస్కాంతాన్ని కట్టె మీద నెమ్మదిగా జరిపితే పైపైన దాగినవి దొరుకుతాయి.

జవాబు 2
మంచిర్యాల వాసి

మేడమ్, చెక్క పొడిని ప్లాస్టిక్‌తో కలిపి చేసే డబ్ల్యూపీసీ పట్టీలు ఇప్పుడు అన్ని ఊళ్ళలో దొరుకుతున్నాయి. వాటికి చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బవు, పాలిష్ ఖర్చు కూడా ఉండదు. మా ఇంట్లో రెండు అద్దాలకు అవే పెట్టించాము. ఇంత శ్రమ అవసరమా అని మాత్రమే నా సందేహం, అన్యథా భావించవద్దు. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: తక్కువ ధరకు వస్తుందని, చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పట్టీ మాత్రం కొనకండి. అది తడి తగిలిన చోట అటుకుల్లాగా ఉబ్బుతుంది, మళ్ళీ మామూలుగా కాదు.

జవాబు 3
రసాయన శాస్త్రం మాస్టారు, కరీంనగర్

చట్రం పని గురించి నాకు తెలిసింది తక్కువ. అమ్మాయి రాసిన రెండు విషయాలు మాత్రం, ఆ పులిసిన వాసనా, ఆ నల్ల మచ్చా, నా పాఠానికి సంబంధించినవి కాబట్టి చెబుతున్నాను.

ఇంటర్మీడియట్‌లో టోలెన్స్ పరీక్ష చేసినవారికి గుర్తుండే ఉంటుంది: పరీక్షనాళికలో అమ్మోనియా కలిపిన వెండి ద్రావణానికి ఆల్డిహైడ్ చేర్చి వేడి నీటిలో ఉంచితే, గాజు లోపలి గోడకు వెండి పూత అద్దంలాగా పట్టుకొంటుంది. గాజుకు ఇలా రసాయన పద్ధతిలో వెండి పూత వేయడాన్ని జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనుగొన్నాడు. మన గోడ అద్దంలోనూ ఉన్నది అటువంటి వెండి పొరే. అది గాజు వెనుక వైపు, ఒక మైక్రోమీటరు కన్నా ఎంతో పలుచగా ఉంటుంది. దానిని కాపాడడానికి వెనుక రంగు పూత వేస్తారు. వెనుక భాగమంతటికీ ఆ రక్షణ ఉంటుంది కాని, పెద్ద పలకను ముక్కలుగా కోసినప్పుడు కోసిన అంచు దగ్గర, రంధ్రం చేసిన చోట వెండి పొర అంచు బయటపడిపోతుంది. అద్దం ముఖం మీద నుంచి జారిన నీరు కింది అంచున బొట్టుగా నిలిచి, రంగుకూ గాజుకూ మధ్య ఉన్న సందులోకి మెల్లగా పాకుతుంది. వెండి అక్కడ నుంచి క్షీణిస్తూ పోయి నల్లగా కనిపిస్తుంది. మచ్చ ఎక్కువగా కింది అంచులోనే మొదలుకావడానికి కారణం ఇదే. ఒకసారి మొదలైన మచ్చను పోగొట్టే ఉపాయం లేదు, అది పెరిగే వేగాన్ని తగ్గించగలము, అంతే.

ఆ వేగాన్ని పెంచేవి మన ఇళ్ళలోనే ఉన్నాయి. బోరు నీళ్ళ తెల్ల మరకలు పోవాలని టైల్సు కడిగే ఆమ్లాన్ని అద్దం మీద కూడా చల్లేవారిని చూశాను. అది గాజును ఏమీ చేయదు, అంచు నుంచి లోపలికి వెళ్ళి వెండిని తినివేస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రావణాలు కూడా అంచుకు మంచివి కావు. మెత్తని గుడ్డను నీళ్ళలో ముంచి గట్టిగా పిండి తుడవడం, వెంటనే పొడి గుడ్డతో ఒత్తడం చాలు. మరకలు మొండివైతే గుడ్డ మీద రెండు చుక్కల నిమ్మరసం వేసుకొని మధ్య భాగంలో మాత్రమే రుద్ది, వెంటనే నీటి గుడ్డతో తుడిచివేయాలి.

ఇక ఆ ట్యూబు. పులిసిన వాసన వస్తున్నదంటే అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే, విడుదల చేసే రకం. టైల్సు సందులకు, సింకు అంచులకు అది పనికి వస్తుంది. అద్దం దగ్గరికి మాత్రం దానిని రానివ్వకూడదు. ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్న రకం అడిగి కొనండి, దానికి ఈ ఘాటు ఉండదు. వడ్రంగి సోదరుడు చెప్పినట్లు చట్రాన్ని గోడకే బిగించినా ఆ ట్యూబుతో ఒక పని ఉన్నది. చట్రం పెట్టే ముందు అద్దం అంచులను నాలుగు వైపులా పొడిగా తుడిచి, వేలికొనతో ఈ సిలికాన్‌ను అంచు వెంట పలుచగా రాసి, ఒక రోజు ఆరనివ్వండి. సిలికాన్ గాలిలోని తేమను తీసుకొని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది కాబట్టి, పొర పలుచగా ఉంటేనే త్వరగా ఆరుతుంది. వానాకాలం వరకూ ఆగకుండా ఎండ ఉన్న ఈ రోజుల్లోనే చేస్తే, అంచులో దాగిన తడి కూడా ముందే ఆరిపోయి ఉంటుంది.

జవాబు 4
కాజీపేట విశ్రాంత ఫిట్టరు

బిడ్డా, నేను లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడిని. కట్టె పని నా వృత్తి కాదు కాని, కొలతల్లో తేడా కనబడితే ఊరుకోలేను. చిత్రిక గారు చెప్పిన పద్ధతి మంచిదే, ఒక్క గాడి లోతు విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి.

చట్రాన్ని టైల్సుకు పూర్తిగా ఆనించి బిగిస్తే దాని వెనుక చేరిన తడికి దారి ఉండదు. కట్టె ముందువైపు ఎంత పాలిష్ చేసినా, వెనుక తడి గోడకు అంటుకొని ఉంటే అక్కడి నుంచే మెత్తబడుతుంది. చెదలు కూడా వెలుతురు లేని ఆ సందునే వెతుక్కొంటాయి. అందుకని ప్రతి స్క్రూ దగ్గర చట్రానికీ గోడకూ మధ్యన ఒక కుళాయి వాషరు పెట్టాలి. దాని మందం సుమారు ఒక సూతు ఉంటుంది. అప్పుడు చట్రం చుట్టూ గాలి ఆడుతుంది, పైనుంచి కారిన నీరు కింది నుంచి జారిపోతుంది. అయితే వాషరు పెట్టిన మేరకు చట్రం ముందుకు జరుగుతుంది కదా, అప్పుడు గాడి లోతు మూడు సూతులు ఉంటే చెక్కకూ అద్దానికీ మధ్య సందు ఏర్పడి, ఒక పక్క నుంచి చూసినవారికి గాడి లోపలి భాగమంతా అద్దంలో కనబడుతుంది. కాబట్టి ముందు అద్దం ముఖం గోడ నుంచి ఎంత ముందుకు నిలిచి ఉన్నదో కొలవాలి. ఆ కొలతలో నుంచి వాషరు మందం తీసివేస్తే గాడి లోతు వస్తుంది. మీ కొలత మూడు సూతులైతే గాడి రెండు సూతులు, ఇంకొక వెంట్రుక మందం ఎక్కువ. ఆ వెంట్రుక ఎందుకంటే, కట్టె ఉబ్బినా గాజును నొక్కకూడదు.

సందు లేకపోయినా మరొక చిక్కు ఉన్నది. అద్దంలో వెండి వెనుక వైపు ఉంటుంది కాబట్టి, గాజు మందమంత దూరంలో పట్టీ వెనుక ముఖం ఎప్పుడూ కొంత ప్రతిబింబిస్తూనే ఉంటుంది. ముందువైపు గోధుమ రంగు పాలిష్ పెట్టి, వెనుక పచ్చి కట్టెను వదిలివేస్తే, చట్రం లోపలి అంచు వెంట తెల్లటి గీత తిరిగినట్లు కనిపిస్తుంది. అందుకని గాడి లోపల కూడా ముందువైపు రంగే పెట్టించాలి.

బరువు లెక్క కూడా వేసి చూశాను. మీ అద్దం సుమారు ఏడు కిలోలు, అంగుళం మందం టేకు చట్రం దాదాపు మూడున్నర కిలోలు ఉంటాయి. అది గోడకు వేరుగా బిగుస్తుంది కాబట్టి అద్దం స్క్రూల మీద అదనపు భారం పడదు. నాలుగు స్క్రూలు చాలు. అవి స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఇనుప స్క్రూ తడి టేకులో ఉంటే తుప్పు పట్టడమే కాక, చుట్టూ కట్టె నల్లబడుతుంది.

టైల్సుకు రంధ్రం చేసేటప్పుడు గుర్తు పెట్టిన చోట మాస్కింగ్ టేపును అడ్డంగా, నిలువుగా అతికించి, గాజుకు వాడే ఈటె మొన బిట్టుతో, దెబ్బ కొట్టే మీట వేయకుండా, నెమ్మదిగా మొదలుపెట్టాలి. పైనున్న మెరుపు పొర దాటిన తరువాత గోడ బిట్టు మార్చుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వాష్‌బేసిన్ కుళాయికి, గీజరుకు పోయే పైపులు గోడ లోపల ఏ దారిన పోతున్నాయో తెలుసుకోకుండా డ్రిల్లు పట్టవద్దు. కుళాయికి నేరుగా పైన, అద్దం మీది లైటుకు నేరుగా కింద రంధ్రం చేయకుండా ఉండడం మంచిది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాస్టరుకు ముందు తీసిన ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడు అక్కరకు వస్తాయి.

జవాబు 5
చిత్రిక, వరంగల్

పెద్దాయన చెప్పిన గాడి లెక్క సరైనది. వాషరు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆయన చెప్పినట్లే చేయించండి.

పాలిష్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ ఒక్కటి చెబుతాను. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, పైగా మీ వాసాలకు వంటింటి పొగ కూడా పట్టి ఉంటుంది. చిత్రిక పట్టిన తరువాత అతుకు వేసే చోట్ల, పాలిష్ చేసే ముందు అన్ని వైపులా, థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే ఫెవికాల్ గాని పాలిష్ గాని పట్టదు. మంచాలకు, బీరువాలకు వేసే మెలమైన్ పాలిష్ ఈ గదికి చాలదు, పాలీయురెథేన్ రకం వేయించండి. ప్రతి పూతకూ మధ్యన 320 నంబరు ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది, మూడు పూతలు వేయాలి. గాడిలోపల, టోపీల గుంటల్లో, స్క్రూ రంధ్రాల్లో కూడా బ్రష్షు తిరగాలి. చెక్క కొసల దగ్గర నీళ్ళు గడ్డితో పీల్చినట్లు లోపలికి పోతాయి కాబట్టి అక్కడ ఇంకొక పూత ఎక్కువ వేయాలి. పాలిష్ పూర్తయిన తరువాత కోత గాని రంధ్రం గాని చేస్తే, చేసిన చోట మళ్ళీ పూత పడవలసిందే. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

కింది అడ్డ చెక్క పై అంచును మాత్రం చదునుగా ఉంచవద్దు. కిటికీ కింది గట్టుకు వాలు పెట్టినట్లు, ముందుకు కొంచెం వాలుగా చిత్రిక పట్టించండి. అద్దం మీద నుంచి జారిన నీళ్ళు అక్కడ నిలవకుండా ముందుకు కారిపోతాయి. పాలిష్ మొదట లేచిపోయేది ఆ అంచు దగ్గరే.

జవాబు 6
సుబేదారి నివాసి, హనుమకొండ

అందరికీ ధన్యవాదాలు. పని పూర్తయిన తరువాతనే రాయాలని నెల రోజులు ఆగాను.

ముందు మంచిర్యాల వారికి: మీరు చెప్పింది నిజమే, డబ్ల్యూపీసీ అయితే ఒక పూటలో అయిపోయేది. కాని నాకు అద్దానికి చట్రం కావాలన్న కోరిక కన్నా ఈ కట్టెను ఎక్కడో ఒకచోట కళ్ళ ముందు ఉంచుకోవాలన్న కోరికే ఎక్కువ.

వాసాల్లో నుంచి మొత్తం పదకొండు చీలలు వచ్చాయి. రెండు ముక్కల్లో లోపల పొడుగునా సన్నటి పగుళ్ళు బయటపడడంతో అవి పనికిరాలేదు. మిగిలిన రెండింటి నుంచి పట్టీ సరిగ్గా 12 అడుగులు వచ్చింది. ఏటవాలు మూలలే కావాలని పట్టుపట్టి ఉంటే, కోతలో పోయేది పోగా ఒక మూలకు కట్టె తక్కువ పడేదేమో. చట్రం చేసింది మా వీధి చివరనున్న వడ్రంగి. అడ్డ చెక్కల గాడి చివరిదాకా పోకూడదన్నప్పుడు ఆయన నా వైపు వింతగా చూసి, “ఈ మాట మీకు ఎవరు చెప్పారమ్మా” అని అడిగాడు.

అద్దం ముఖం గోడ నుంచి మూడు సూతులకు కొంచెం తక్కువగానే ఉన్నది. అందుకని గాడిని రెండు సూతులకే ఆపించాము, ఆ వెంట్రుక మందం అందులోనే వచ్చింది. పాత ట్యూబును వంటింటి సింకు అంచుకు వాడి, మాస్టారు గారు చెప్పిన రకం వేరే కొని, అద్దం అంచులకు నేనే రాసుకొన్నాను. కుంకుమ గుర్తులు చక్కగా పడ్డాయి, కాని ఒక పొరపాటు చేశాను. పాలిష్ చేయని కట్టెకు తడి కుంకుమ పీల్చుకుపోయి, చట్రం జారి తగిలిన ఒకచోట ముందువైపు అంచుకు కూడా ఎర్రటి మరక అంటింది. ఎమరీ కాగితంతో రుద్దినా పూర్తిగా పోలేదు. ఈ పని చేయబోయేవారు కుంకుమను చిటికెడే తీసుకోవాలి.

పైపుల సంగతిలో పెద్దాయన హెచ్చరిక మమ్మల్ని కాపాడింది. మా వారి ఫోనులో ప్లాస్టరుకు ముందు తీసిన ఫోటో వెతికితే దొరికింది. గీజరు పైపు మేము అనుకొన్నట్లు కుళాయికి నేరుగా కాకుండా, కుడి వైపు ఒక జానెడు జరిగి పైకి పోయింది. కుడివైపు పై స్క్రూ సరిగ్గా దాని మీదనే పడేది. ఆ స్క్రూను నిలువు చెక్కలోకి నాలుగు అంగుళాలు కిందికి, పైపుకు దూరంగా బయటి అంచు వైపు మార్చాము. అటు ఇటు సమంగా ఉండాలని ఎడమ వైపు కూడా అలాగే చేశాము.

ఇప్పుడు మిగిలినది ఒకటే సందేహం. కింది అడ్డ చెక్క ముందువైపు ఒక పాత చీల రంధ్రం, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ ఉన్నాయి. వడ్రంగి లప్పం పెట్టి మూసేస్తానన్నాడు కాని, నేను వద్దన్నాను. పాలిష్ దాని మీద నుంచే వేశారు. రంధ్రాన్ని అలాగే వదిలివేస్తే నీళ్ళు లోపలికి పోతాయా?

జవాబు 7
చిత్రిక, వరంగల్

పోతాయి అక్కా. మచ్చను ఉంచుకోండి, రంధ్రాన్ని మాత్రం వదలవద్దు. లప్పం తడికి రాలిపోతుంది, పైగా మీ పాత టేకు మీద తెల్లగా కనబడుతుంది. వడ్రంగి దగ్గర మీ కట్టె కోసిన పొట్టు ఇంకా ఉంటే ఒక గుప్పెడు తెచ్చుకొని, మెత్తగా జల్లించి, ఆరల్డైట్ జిగురులో కలిపి ఆ రంధ్రంలో నిండుగా కూరండి. మరునాటికి రాయిలాగా గట్టిపడుతుంది. తరువాత 320 కాగితంతో చదును చేసి, ఆ చోటికి మాత్రం బ్రష్షుతో రెండు పూతలు వేయండి. చట్రాన్ని విప్పి నేల మీద పడుకోబెట్టి చేస్తే పని శుభ్రంగా వస్తుంది, నాలుగు స్క్రూలే కదా.